ముందు నన్నడగండి: పోలింగ్ డ్యూటీకి వెళ్లే తోటి టీచర్లకు ఒక బహిరంగ లేఖ

తోటి మాస్టార్లకూ, టీచరమ్మలకూ నమస్కారం.

నేను గుంటూరులో ఒక హైస్కూల్లో సోషల్ చెబుతాను. పుట్టినప్పటినుంచీ చూపు లేదు. అందుకే కాబోలు, నాకు ఇంతవరకూ ఎలక్షన్ డ్యూటీ పడలేదు. కానీ ఆ డ్యూటీ సంగతులన్నీ నాకు కంఠతా వచ్చు. నోటిఫికేషన్ వచ్చిందంటే మా స్టాఫ్ రూంలో ఇంకో మాట ఉండదు కదా. ఎవరికి పీవో (బూత్‌కి పెద్దయిన ప్రిసైడింగ్ ఆఫీసరు) వేశారు, ఎవరికి ఏపీవో (ఆయనకి సహాయకుడు) వేశారు, ఎవరిని ఏ మారుమూల ఊరికి పంపారు, డిస్ట్రిబ్యూషన్ సెంటర్లో ఎండలో ఎన్ని గంటలు కూర్చోబెట్టారు, రాత్రి దోమల్లో నిద్ర ఎలా పట్టలేదు, తెల్లారి మాక్ పోల్‌కి, అంటే పోలింగ్‌కి ముందు చేసే నమూనా ఓటింగుకి, పార్టీల ఏజెంట్లు రాక ఎంత టెన్షన్ పడ్డారు, ఆఖర్న పోలైన ఓట్ల లెక్క రాసే 17-సీ ఫారంలో ఒక్క ఓటు తేడా వస్తే ఎలా చెమటలు పట్టాయి. అన్నీ విన్నాను. మీ కష్టం తెలియక ఈ ఉత్తరం రాస్తున్నానని దయచేసి అనుకోకండి.

ఒకే ఒక్క విషయం చెప్పాలి. మిగతావి దాని వెంట వచ్చేవే. నాలాంటివాళ్లు బూత్‌లోకి వచ్చినప్పుడు, వెంట వచ్చిన మనిషిని కాకుండా, మమ్మల్ని అడగండి. "మీరే వేస్తారా, తోడు కావాలా?" అని. ఆ ఒక్క మాట అడిగేవాళ్లు లేకే నా ఓట్లు చాలా ఇంకొకరి వేలితో పడ్డాయి.

2019 ఏప్రిల్ 11 సంగతి చెబుతాను. మా తమ్ముడి బండి మీద వెళ్లాను. క్యూలో నిలబెట్టకుండా నేరుగా లోపలికి పంపారు, అది మంచిదే. లోపల ఎవరో "ఎవరితో వచ్చారండీ?" అన్నారు. తమ్ముడితో అన్నాను. అంతే, ఆ తర్వాత నాతో మాట్లాడినవాళ్లు లేరు. "ఏం బాబూ, సార్‌కి అస్సలు కనపడదా? నువ్వు వేసెయ్. ఇక్కడ సంతకం పెట్టు." నన్నేమో గోడ పక్కన బెంచీ మీద కూర్చోమన్నారు. నేనే వేస్తానండీ, మెషీన్ మీద బ్రెయిలీ ఉంటుంది అన్నాను. "అవన్నీ ఎందుకు మాస్టారూ, మళ్లీ పొరపాటు జరిగితే మా మీదకొస్తుంది. రూల్ ప్రకారం తోడు ఉండాల్సిందే" అన్నారు. వెనక క్యూ పెరుగుతోంది, ఎవరో ఏజెంటు గొంతు సవరించుకుంటున్నాడు. నాకు గొడవ పెట్టుకునే ఓపిక లేకపోయింది. తమ్ముడి చెవిలో చెప్పాను ఎవరికి వేయాలో. ఎంత గుసగుసగా చెప్పినా ఆ గదిలో ఎవరికి వినపడిందో ఎవరికి వినపడలేదో. బెంచీ మీద కూర్చుని నా ఓటు బీప్‌మన్న చప్పుడు విన్నాను.

మా తమ్ముడు అబద్ధం చెప్పే మనిషి కాదు. కానీ రాజకీయాల దగ్గర నేనూ వాడూ ఉప్పూ నిప్పూ. సంక్రాంతికి భోజనాల దగ్గర మేమిద్దరం నోరు విప్పితే మా అమ్మ గరిటె తీసుకుని మధ్యలోకి వచ్చేది. బయటికొచ్చాక "నువ్వు చెప్పినదానికే వేశాను అన్నయ్యా" అన్నాడు. నమ్మాను. నమ్మడం తప్ప నాకు వేరే దారి ఉంటేగా. మీ ఓటు విషయంలో మీరెవర్నైనా ఇలా నమ్మాల్సి వచ్చిందా?

ఆ ఏడాదే పదో తరగతి పిల్లలకి 326వ అధికరణం చెబుతున్నాను. సార్వత్రిక వయోజన ఓటు హక్కు, రహస్య ఓటు, అన్నీ. వెనక బెంచీలోంచి ఒకడు "సార్, మరి మీరెలా వేస్తారు?" అన్నాడు. "మా తమ్ముడు వేస్తాడురా" అన్నాను. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఏం చేయను.

ఇప్పుడు ఆ "రూల్ ప్రకారం" సంగతి చూద్దాం. పాఠాలు చెప్పుకునేవాళ్లం, పాఠ్యం దగ్గరికే వెళ్దాం. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల్లో 49-ఎన్ అని ఒక నియమం ఉంది. చూపు లేకపోవడం వల్లగానీ, మరో శారీరక లోపం వల్లగానీ ఓటరు మెషీన్ మీద గుర్తులు పోల్చుకోలేకపోయినా, సాయం లేకుండా బటన్ నొక్కలేకపోయినా, ఆ సంగతి ప్రిసైడింగ్ ఆఫీసరుకు నిజమనిపిస్తే, తోడు మనిషిని అనుమతించాలి. ఆ తోడు మనిషికి 18 ఏళ్లు నిండి ఉండాలి. ఒక రోజులో ఒక్క ఓటరుకే తోడు వెళ్లాలి. ఓటు రహస్యం బయటపెట్టనని రాసివ్వాలి. మీరు ఆ వివరం 14-ఏ అనే ఫారంలో, అంటే తోడుతో ఓటేసినవాళ్ల జాబితాలో, ఎక్కించాలి. ఇంతే ఆ నియమం. మళ్లీ ఒకసారి చదవండి. ఎక్కడైనా "చూపు లేనివాడు తోడుతోనే రావాలి" అని ఉందా? నొక్కలేనివాడికి అది సాయం. నొక్కగలనని నిలబడ్డవాడికి ఆ నియమంతో పనే లేదు. బూత్‌లో మాత్రం దాన్ని తిరగేసి, కళ్లు లేవనగానే ముందే 14-ఏ ఫారం తీస్తున్నారు.

"పోల్చుకోలేకపోయినా" అన్న మాట దగ్గర ఇంకో సంగతి ఉంది. బ్యాలెట్ యూనిట్ మీద నీలం బటన్ల పక్కన బ్రెయిలీ అంకెలు ఊరికే పుట్టలేదు. వాటిని మొట్టమొదట పరీక్షించింది మన ఉమ్మడి రాష్ట్రంలోనే, 2004లో హైదరాబాదు ఆసిఫ్‌నగర్ ఉప ఎన్నికలో. తర్వాత దేశమంతా వచ్చాయి. అదే 2004లో బూత్‌లకి ర్యాంపులు వేయమని సుప్రీం కోర్టు చెప్పింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం పదకొండో సెక్షనైతే ఇంకా సూటిగా ఉంది: పోలింగ్ కేంద్రాలన్నీ వికలాంగులకు అందుబాటులో ఉండాలి, ఎన్నికల ప్రక్రియకు సంబంధించిన సామగ్రి అంతా వాళ్లకు అందేలా, అర్థమయ్యేలా ఉండాలి. ఇంత చేసి, తీరా ఆ చుక్కల దాకా నా వేలు వెళ్లకుండా ఆపేది ఏమిటయ్యా అంటే, మన స్టాఫ్ రూం నుంచే వెళ్లిన ఒక మంచి మనిషి తొందర.

మంచి మనిషి అన్నది ఎగతాళికి కాదు. 2019లో నన్ను బెంచీ మీద కూర్చోబెట్టినాయన మంచినీళ్లిచ్చాడు, మెట్లు దిగేదాకా చెయ్యి పట్టుకున్నాడు. జాలి ఉంది. అడగాలన్న ఊహే రాలేదు.

అలాగని అందరూ ఒకేలా ఉండరు. 2024 మే 13న ఏం జరిగిందో కూడా రాయాలి, లేకపోతే ఇది ఉత్తి ఫిర్యాదు అయిపోతుంది. ఈసారి మా ఆవిడతో వెళ్లాను, ఇద్దరిదీ ఒకే బూత్. పొద్దున్న ఏడున్నరకే ఎండ చుర్రుమంటోంది. పీవోగా వచ్చింది ఒక టీచరమ్మ, గొంతు బట్టి నడివయసు. మొదటి ఆఫీసరు యథాప్రకారం మా ఆవిణ్ణి "మీరు వేసేస్తారు కదమ్మా" అన్నాడు. మా ఆవిడ "ఆయన్నడగండి" అంది. (ఇంటి దగ్గరే ఒప్పందం చేసుకుని వెళ్లాం లెండి.) నేనే వేస్తానన్నాను. బ్రెయిలీ నమూనా బ్యాలెట్ ఇవ్వమన్నాను. కాసేపు నిశ్శబ్దం. అలాంటిదొకటి ఉందా అని వాళ్లలో వాళ్లు. "ఎవరో ఒకరు తోడు వెళ్లాల్సిందే మేడం" అని ఏజెంట్లలోంచి ఒకాయన. అప్పుడా టీచరమ్మ "ఉండండి" అని పుస్తకం తీసింది. కాగితాలు తిప్పుతున్న చప్పుడు. తర్వాత బల్ల కింద సంచీ లాగి, కవర్లన్నీ ఒక్కొక్కటే బయటపెట్టి వెతికింది. ఎక్కడో అడుగున, సీళ్ల కవర్ల మధ్య దొరికింది ఆ కాగితం.

పిల్లలు కూర్చునే బెంచీ మీద కూర్చుని చదువుకున్నాను. ముందు పార్లమెంటు అభ్యర్థులు, తర్వాత అసెంబ్లీ. వరస సంఖ్య, పేరు, పార్టీ. కాగితం మధ్యలో మడత పడటంతో ఒకచోట చుక్కలు నలిగిపోయాయి, ఒక పేరు మూడుసార్లు తడిమితే గానీ తెలియలేదు. నాకు కావలసిన రెండు అంకెలూ గుర్తుపెట్టుకుని లేచాను. టీచరమ్మ నన్ను తీసుకెళ్తూ "గులాబీ రంగు కాగితం ఉన్నది అసెంబ్లీ అండీ, తెల్లది..." అని టక్కున ఆగిపోయింది. నాకు నవ్వొచ్చింది, ఆవిడకీ నవ్వొచ్చింది. "సరే, ముందు వచ్చేది పార్లమెంటు. అక్కణ్ణుంచి కుడివైపు ఐదడుగులు వేస్తే అసెంబ్లీ" అని సరిచేసి, మెషీన్ చుట్టూ చాటుగా పెట్టిన అట్ట బయటే ఆగిపోయింది.

చేతికి బల్ల తగిలింది. బల్ల మీద మెషీన్, ఇంత ఎండలోనూ చల్లగా ఉంది. కుడిచేతి చూపుడు వేలు అంచు వెంట కిందికి జరుపుకుంటూ వెళ్లాను. బటన్, పక్కన చుక్కలు. బటన్, పక్కన చుక్కలు. నా అంకె దగ్గర ఆగి, మళ్లీ పైనుంచి లెక్కపెట్టుకుని వచ్చి, నొక్కాను. పక్కన వీవీప్యాట్‌లో, అంటే ఓటు ఎవరికి పడిందో స్లిప్పు మీద చూపించే పెట్టెలో, చిన్నగా గరగర, కాసేపటికి బీప్. ఐదడుగులు. మళ్లీ బల్ల, మళ్లీ చుక్కలు. నలభై దాటిన వయసులో మొదటిసారి నా ఓటు నా వేలి కింద పడింది.

మొత్తం కలిపి ఆ బూత్‌కి నావల్ల అయిన ఆలస్యం పది నిమిషాలు ఉంటుందేమో. అందులో సగానికి పైగా ఆ కాగితం వెతకడానికే పోయింది.

బయటికి రాగానే మా ఆవిడ "ఎవరికి వేశారు?" అంది. చెప్పలేదు. రెండు రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడింది. ఆ రెండు రోజులూ నాకు మహా సరదాగా గడిచాయి.

చూపు లేనివాళ్లంతా నాలాగే చేయాలని నేననడం లేదు. బ్రెయిలీ రానివాళ్లు చాలామంది. షుగరు వల్ల యాభై దాటాక చూపు పోయిన పెద్దవాళ్లు ఇప్పుడు ఆ చుక్కలు ఎక్కడ నేర్చుకుంటారు? వాళ్లకి తోడు కావాలి, ఆ హక్కు వాళ్లదే. కానీ వాళ్లనీ అడగండి. ఎవరిని తోడు తీసుకెళ్తారో వాళ్ల నోటితో చెప్పనివ్వండి. ఆటోలో తీసుకొచ్చిన పార్టీ కార్యకర్తే చెయ్యి పట్టుకుని లోపలికి వస్తాడు చూడండి, "మా పెదనాన్న అండీ" అంటూ, పొద్దుట్నించీ నలుగురు పెదనాన్నలయ్యుంటారు వాడికి. రోజుకి ఒక్కరికే అన్న నిబంధన ఉన్నది సరిగ్గా వాడికోసమే. 14-ఏ నింపేటప్పుడు పై వరసలు ఒకసారి చూసుకుంటే చాలు. మీ సిబ్బందిలో ఎవరూ తోడుగా వెళ్లకూడదన్న సంగతి మీకు ట్రైనింగ్‌లో చెప్పే ఉంటారు. జాలిపడి కూడా వెళ్లకండి.

చెవులు వినపడనివాళ్ల గురించి ఒక్క ముక్క. మొదటి ఆఫీసరు పేరూ నంబరూ గట్టిగా చదువుతాడు, ఆ ఓటరు పలకడు. అరిస్తే ఉపయోగం లేదు. స్లిప్పు మీద వేలు పెట్టి చూపించండి, సరిపోతుంది.

ఇంకో రకం ఓటర్లున్నారు. వాళ్ల దగ్గర జరిగే తప్పు నా దగ్గర జరిగినదానికన్నా పెద్దది. మా వీధిలో ఒక కుర్రాడున్నాడు, ఇరవై ఏళ్లు దాటాయి. బుద్ధి ఎదుగుదల తక్కువ. కానీ ఇంట్లో టీవీ వార్తలు మోగుతూనే ఉంటాయి, ఏ గుర్తు ఎవరిదో వాడికి తెలుసు. వాణ్ణి తీసుకుని తల్లి బూత్‌కి వెళ్తే "వీడికేం తెలుసమ్మా ఓటంటే, ఎందుకు ఇబ్బంది పెడతావు" అని ఏజెంట్లు అడ్డుకున్నారట, లోపలున్నవాళ్లు సర్దిచెప్పి పంపేశారట. ఆ తల్లి మళ్లీ వెళ్లలేదు. అయ్యా, జాబితాలో వాడి పేరుంది. 326వ అధికరణంలో మతిస్థిమితం మాట ఉన్నమాట నిజమే. కానీ 1950 ప్రజా ప్రాతినిధ్య చట్టం పదహారో సెక్షన్ ఏమంటుంది? మతిస్థిమితం లేదని తగిన కోర్టు ప్రకటిస్తేనే అనర్హుడు. కోర్టు ప్రకటించాలి. ఏజెంటు కాదు, పీవో కాదు, పక్కింటివాళ్లు అసలే కాదు. రెండు రూపాయలు కట్టి ఏజెంటు ఛాలెంజ్ చేయగలిగింది మనిషి గుర్తింపును. ఫలానావాడు ఇతనే అవునా కాదా అని. బుర్రని ఛాలెంజ్ చేయడానికి ఏ రసీదు పుస్తకమూ లేదు. ఓటు వేసే తెలివి ఎంతుందో కొలవడం మొదలుపెడితే ఆ క్యూలో ఎవరు మిగులుతారో మీకు తెలియనిది కాదు.

మీలో కొందరు అనొచ్చు: ఇప్పుడు ఇంటి దగ్గరే ఓటు వేయిస్తున్నారు కదా మాస్టారూ, ఇంకా ఈ అవస్థ ఎందుకూ అని. 2024లో మా బీఎల్‌వో (మా బూత్ ఓటర్ల జాబితా చూసే ఉద్యోగిని) కూడా ఇదే మాటతో, ఇంటి దగ్గర ఓటుకి పెట్టుకునే 12-డి ఫారం పట్టుకొచ్చింది. పాపం, నా మేలు కోరే. నలభై శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్లకీ, ఎనభై అయిదు దాటినవాళ్లకీ ఆ సౌకర్యం ఉంది. మంచం దిగలేనివాళ్లకి అది దేవుడిచ్చిన వరం, నేనేమీ అనను. కానీ ఇంటికొచ్చేది మెషీన్ కాదు, కాగితం. కాగితం మీద పెన్నుతో గుర్తు పెట్టాలి. దానిమీద నా వేలికి అందే చుక్క ఒక్కటి లేదు. అంటే మళ్లీ ఇంకొకరి చెయ్యే, ఈసారి నా ఇంట్లోనే, నా ముందే, వీడియో కెమెరా మధ్య. పైగా ఒకసారి ఆ ఫారం మీద సంతకం పెడితే బూత్‌లో ఓటు ఉండదు. ఆ ముక్క మా బీఎల్‌వో చెప్పలేదు, నేనే చెప్పి ఫారం వెనక్కిచ్చాను. మీలో బీఎల్‌వో పని చేసేవాళ్లుంటే ఈ రెండు సంగతులూ ముందే చెప్పి, తర్వాత సంతకం అడగండి.

మీ చేతిలో లేని సంగతులు కూడా రెండున్నాయి. వీవీప్యాట్ స్లిప్పు ఏడు సెకన్లు అద్దంలో కనిపిస్తుంది, మీరు చూసుకుని తృప్తిపడతారు. నాకు ఆ ఏడు సెకన్లూ గరగరే. బీప్ ఓటు పడిందని చెబుతుంది, ఎవరికి పడిందో చెప్పదు. దీనికి పరిష్కారం వెతకాల్సింది ఢిల్లీలో.

రెండోది మన దగ్గరిదే. 2021 మార్చి 10న కార్పొరేషన్ ఎన్నికలు కాగితం బ్యాలెట్ మీద జరిగాయి. రబ్బరు ముద్ర, ఇంకు ప్యాడు, పెట్టె. ఆ రోజు నేను ఎంత పట్టుబట్టినా లాభం లేదు, ఏ గుర్తు ఎక్కడుందో వేలికి తెలిసే మార్గమే లేదు కాబట్టి. మా ఆవిడే ముద్ర వేసింది. వార్డులో మురుగు కాలవ ఎవరు తీయిస్తారో తేల్చే ఎన్నికలోనే నాకు రహస్యం లేకుండా పోయింది. జర్మనీలో, దక్షిణాఫ్రికాలో కాగితం బ్యాలెట్‌కి తగిలించే అట్ట చట్రం ఒకటి ఇస్తారు. ఒక్కో అభ్యర్థికి ఎదురుగా ఒక్కో కిటికీ కోసి ఉంటుంది. మన ఊళ్లో పెళ్లి కార్డులు కోసే ఏ ప్రెస్సువాడైనా ఒక పూటలో చేసిపెట్టే పని. ఇందాకటి వికలాంగుల హక్కుల చట్టం పదకొండో సెక్షన్‌లో కేంద్ర ఎన్నికల సంఘంతో పాటు రాష్ట్ర ఎన్నికల సంఘాల పేరు కూడా ఉంది. స్థానిక ఎన్నికలు మళ్లీ కాగితం మీదే పెట్టేట్టయితే ఆ చట్రం గురించి పైవాళ్లకి మేం రాసుకుంటాం. మీ యూనియన్లు కూడా ఒక మాట కలిపితే మా మాటకి బలం వస్తుంది.

ర్యాంపులు, చక్రాల కుర్చీల గురించి ఇక్కడ రాయలేదు. అవి మీరు వెళ్లేసరికే ఉంటాయి, లేదా ఉండవు.

ఒక్క కోరిక చెప్పి ఆపుతాను. ఈసారి డిస్ట్రిబ్యూషన్ సెంటర్లో సామాను సరిచూసుకునేటప్పుడు, ఈవీఎం నంబర్లూ, సీళ్లూ, ఓటర్ల 17-ఏ రిజిస్టరూ చూసుకున్న చేత్తోనే బ్రెయిలీ నమూనా బ్యాలెట్ వచ్చిందో లేదో కూడా చూడండి. రాకపోతే అక్కడే అడిగి తీసుకోండి. వస్తే సంచీ అడుగున కాకుండా పైన పెట్టుకోండి. మడత మాత్రం పెట్టకండి. చుక్కలు నలిగిపోతాయి.

ఇట్లు,
మీ తోటి సోషల్ టీచరు,
గుంటూరు